బలహీనపడడానికి ముప్ఫై ఎనిమిది మాటలు: ఒక పర్యాయపదాల యాప్‌పై సమీక్ష

ఇంగ్లిష్ పర్యాయపదాలు నేర్పే ఒక యాప్‌కు ఏడాది చందా కట్టి నాలుగు నెలలుగా వాడుతున్నాను. జీఆర్ఈ పరీక్షకు చదువుతున్న మా మేనకోడలు కోసం దాన్ని తీసుకున్నాను. అయితే విశాఖపట్నంలో ఒక దినపత్రిక డెస్కులో ఇరవై ఏళ్లకు పైగా వార్తా సంస్థలు ఇంగ్లిష్‌లో పంపే వార్తలను తెలుగు చేస్తూ రాత్రులు గడిపినవాణ్ని కావడం వల్ల, ఆ అమ్మాయికంటే ఎక్కువగా నేనే దాన్ని తిరగేశాను. యాప్ పేరు ఇక్కడ రాయడం లేదు. ఇదే పద్ధతిలో, దాదాపు ఇవే పదాల పట్టికలతో, రంగులు మాత్రం మార్చుకుని మరికొన్ని యాప్‌లు కూడా ఉన్నాయి కనుక, కింద చెప్పే గుణదోషాలు వాటికీ చాలావరకు వర్తిస్తాయి.

ఇలాంటి సరుకును పరీక్షించడానికి నాకు తోచిన మార్గం ఒకటే. అక్షరక్రమంలో పదాలు చూస్తూ పోవడం కాకుండా, నాకు బాగా తెలిసిన ఒక్క భావాన్ని తీసుకుని దాన్ని అన్ని వైపుల నుంచీ తట్టి చూడాలనుకున్నాను. మెత్తబడడం, బలహీనపడడం, జోరు తగ్గడం అనే భావాన్ని ఎంచుకున్నాను. సముద్రతీరపు పత్రికలో పనిచేసినవాడికి అక్టోబరు, నవంబరు నెలల్లో రోజూ తగిలే భావం అది. యాప్‌లో ‘వీకెన్’ అని కొట్టగానే ముప్ఫై ఎనిమిది పదాలు తెరమీదికి వచ్చాయి. అర్థంలో దగ్గరగా ఉన్నవి ముదురు నీలంలో, దూరంగా ఉన్నవి లేత నీలంలో కనిపిస్తాయి. ప్రతి పదం మీద వేలు పెడితే ఉచ్చారణ వినిపిస్తుంది, ఒక తెలుగు అర్థం వస్తుంది, ఒక ఇంగ్లిష్ వాక్యం వస్తుంది. చూడడానికి శుభ్రంగా ఉంది. ఉచ్చారణ నిజంగా బాగుంది. ‘అస్వేజ్’ అనే మాటను నేను ముప్ఫై ఏళ్లుగా మనసులో తప్పుగా పలుకుతున్నానని ఈ యాప్ వల్లే తెలిసింది, అందుకు కృతజ్ఞుణ్ని.

ఆ ముప్ఫై ఎనిమిది పదాలలో సగానికి పైగా ఒకే తెలుగు అర్థం ఉండడం దగ్గర మొదటి అనుమానం కలిగింది. అబేట్, వేన్, ఎబ్, ఫ్లాగ్, డ్విండిల్, ఫేడ్, అన్నింటి కిందా ‘తగ్గు, బలహీనపడు’ అనే ఉంది. తెలుగులో ఇన్ని రకాల తగ్గడాలకు ఇన్ని మాటలు ఉండగా ఇలా ఒకే మాటను అచ్చు గుద్దినట్టు వాడడం కేవలం బద్ధకం. అంతకన్నా ముఖ్యంగా, చదివే పిల్లలకు ఈ పదాలన్నీ ఒకదాని స్థానంలో ఒకటి పెట్టవచ్చనే భ్రమ కలుగుతుంది. ఈ సమీక్షలో ప్రధానంగా నేను చెప్పదలచుకున్నది దీని గురించే. ఇంగ్లిష్‌లో ఏది బలహీనపడుతోందన్నదాన్ని బట్టి క్రియ మారుతుంది. కర్త ఏమిటో చెప్పకుండా క్రియల జాబితా ఇస్తే, తాళాలన్నీ దాచిపెట్టి తాళంచెవుల గుత్తి చేతికి ఇచ్చినట్టే.

తుపానునే తీసుకుందాం. భారత వాతావరణ శాఖ బులెటిన్లలో ‘వీకెన్’ అన్నది అలంకారం కాదు, కొలత. గాలి వేగం 34 నాట్లు, అంటే గంటకు సుమారు 62 కిలోమీటర్లకు చేరితేనే తుపాను. 28 నుంచి 33 నాట్ల మధ్య ఉంటే తీవ్ర వాయుగుండం, 17 నుంచి 27 మధ్య ఉంటే వాయుగుండం, 17 కంటే తక్కువైతే అల్పపీడనం. తుపాను ‘వీకెన్’ అయిందంటే ఈ మెట్లలో ఒకటి దిగిందని అర్థం. కాబట్టి బులెటిన్‌లో ఆ మాట ఉన్నచోట ‘అబేట్’ పెట్టడానికి వీల్లేదు, ‘సాఫెన్’ అసలే కుదరదు. తుపాను మెత్తబడదు. గాలి విషయంలో ‘డై డౌన్’ అంటారు, మనం సద్దుమణిగిందంటాం. వానకు ‘లెట్ అప్’ అంటారు, దానికి మనకు తెరిపి అనే చక్కటి మాట ఉంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖ దగ్గర తీరం దాటిన రోజున, మధ్యాహ్నం కాస్త తెరిపి ఇచ్చినట్టే ఇచ్చి గాలి మళ్లీ విరుచుకుపడింది. ఆ రోజు ఇంగ్లిష్ కాపీలో వచ్చిన ఒక్కొక్క క్రియకూ సరైన తెలుగు వెతుక్కుంటూ, కరెంటు లేని డెస్కులో కొవ్వొత్తి పెట్టుకుని రాసిన శీర్షికలు నాకు ఇంకా గుర్తున్నాయి. ‘లెట్ అప్’ కోసం ఈ యాప్‌లో వెతికితే మొదట అసలు దొరకలేదు. ‘లెట్’ కింద లోపల ఎక్కడో ఉంది, దాని తెలుగు అర్థం ‘పైకి అనుమతించు’ అని ఉంది.

వరద దగ్గరికి వస్తే మాట మళ్లీ మారుతుంది. భద్రాచలం వద్ద గోదావరి 43 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది జారీ చేస్తారు. 1986 ఆగస్టులో 75.6 అడుగులు, 2022 జూలైలో 71.3 అడుగులు వచ్చాయి. నది ఇలా పెరిగి తర్వాత హెచ్చరికలు ఒక్కొక్కటీ ఉపసంహరించే దశను ఇంగ్లిష్ విలేకరులు ‘రిసీడ్’ అంటారు, లేదా ‘సబ్‌సైడ్’ అంటారు. మొదటిదానిలో నీరు వెనక్కి పోవడం కనిపిస్తుంది, రెండోదానిలో పొంగినది అణిగి కిందికి దిగడం కనిపిస్తుంది. మన పత్రికలు రెండింటికీ ‘తగ్గుముఖం పట్టింది’ అని సరిపెట్టుకుంటాయి. అది తప్పేమీ కాదు. కానీ ‘సబ్‌సైడ్’ కింద యాప్ ఇవ్వని అర్థం ఒకటుంది. 2023 జనవరిలో ఉత్తరాఖండ్‌లోని జోషీమఠ్‌లో ఇళ్ల గోడలు పగిలినప్పుడు పత్రికలన్నీ వాడినది ఈ ధాతువే. అక్కడ అది నేల కుంగడం. జ్వరం దిగడం, వాపు తీయడం, కోపం చల్లారడం, వరద తగ్గడం, నేల కుంగడం, వీటన్నింటిలోనూ ఉబ్బినది గానీ నిలబడినది గానీ కిందికి దిగడమే ఉంది. ఆ ఒక్క బొమ్మను మనసులో నిలపగలిగితే పిల్లలు ఈ పదాన్ని జీవితంలో తప్పు వాడరు. యాప్ ఆ బొమ్మను ఇవ్వదు.

‘అబేట్’ సంగతి ఇంకా తమాషాగా ఉంటుంది. పాత ఫ్రెంచిలో కొట్టి పడగొట్టడం అనే అర్థమున్న మాట నుంచి అది వచ్చింది. అందుకే దెబ్బ తిన్నట్టు తీవ్రత తగ్గే వాటికే, అంటే గాలివానకు, నొప్పికి, ఉత్సాహానికి, గొడవకు నప్పుతుంది. రోజువారీ మాటల్లో దాదాపుగా ఎవరూ వాడరు, అది పుస్తకాల మాట, పరీక్షల మాట. కానీ మన జిల్లా కోర్టుల ఆవరణలో మాత్రం ఇంగ్లిష్ అంతంతమాత్రంగా వచ్చిన గుమస్తాలు కూడా ‘దావా అబేట్ అయిపోయింది’ అంటారు. సివిల్ ప్రొసీజర్ కోడ్‌లోని 22వ ఆర్డర్ ప్రకారం, కక్షిదారుడు చనిపోతే 90 రోజుల్లోగా అతని చట్టబద్ధ వారసులను రికార్డు మీదికి తేకపోతే అతనికి సంబంధించినంతవరకు దావా అబేట్ అవుతుంది. ఇక్కడ బలహీనపడడమేమీ లేదు, అంతరించడమే ఉంది. యాప్‌లోని ‘తగ్గు’ అనే అర్థాన్ని నమ్ముకుని ఎవరైనా కోర్టు కాగితాన్ని అనువదిస్తే, వారసులు తమ దావా కాస్త మందగించిందని అనుకుని ఇంట్లో కూర్చునే ప్రమాదముంది.

ఇక ‘సాఫెన్’. ఇందులో యాప్ చేసిన తప్పు మనందరం చేసే తప్పే కనుక దీని మీద కొంచెం ఎక్కువసేపు నిలవాలి. తెలుగులో ‘మెత్తబడు’ అనేది చాలా విశాలమైన మాట. అప్పడం మెత్తబడుతుంది, వెన్న మెత్తబడుతుంది, నానిన చింతపండు మెత్తబడుతుంది, పంతం పట్టిన తండ్రి మెత్తబడతాడు. ఇంగ్లిష్ ఈ నాలుగింటినీ వేరు చేస్తుంది. వెన్నకు ‘సాఫెన్’ సరిపోతుంది, ఉల్లిపాయలు వేగి మెత్తబడడానికి కూడా అదే మాట. అప్పడానికి మాత్రం అది పనికిరాదు, ఎందుకంటే ‘సాఫెన్’ సాధారణంగా కోరుకున్న మెత్తదనం. అప్పడం మెత్తబడడం నష్టం కనుక ‘లింప్’ అంటారు, తడి తగిలి మెత్తబడితే ‘సాగీ’ అంటారు. ఉడకాల్సిన దానికంటే ఎక్కువ ఉడికి ముద్దయిన అన్నానికి ‘మషీ’ అంటారు. మాంసం మెత్తగా ఉడికితే ‘టెండర్’, అది మెచ్చుకోలు. ఒకే మెత్తదనానికి మెచ్చుకోలు, విచారం, విసుగు వేరువేరు మాటల్లో పెట్టడం ఇంగ్లిష్ వంటింటి అలవాటు. యాప్‌లో ఈ పదాలన్నీ ఉన్నాయి, కానీ అన్నీ ఒకే లేత నీలంలో ఉన్నాయి.

ఆకుకూర దగ్గర యాప్ పూర్తిగా బోల్తా పడింది. ఇంగ్లిష్ వంటల పుస్తకాలలో పాలకూరను ‘విల్ట్’ అయ్యేవరకు ఉంచమని రాస్తారు. యాప్ ఆ మాటకు ‘వాడిపోవు’ అని అర్థం ఇచ్చింది. కుండీలోని మొక్కకు అది సరైన అర్థమే. కానీ మూకుడులోని ఆకు వాడిపోదు, మగ్గుతుంది. ‘ఆకు మగ్గేవరకు సన్నసెగ మీద ఉంచాలి’ అని చెప్పని తల్లి తెలుగునాట ఉండదు. ఇంత సొగసైన మాట మన వంటింట్లోనే ఉండగా నిఘంటువులో లేకపోవడం, బహుశా ఈ అర్థాలు రాసినది మనిషి కాకపోవడం వల్ల కావచ్చు. మరమనిషి అయినా వంటింట్లో ఒక పూట నిలబడి ఉంటే ఈ పొరపాటు జరిగేది కాదు.

మనసు మెత్తబడడానికి ఇంగ్లిష్‌లో ఒక్కొక్క సందర్భానికి ఒక్కొక్క మాట ఉంది. కఠినంగా నిరాకరించిన వ్యక్తి జాలి వల్లో, బతిమాలడం వల్లో చివరికి ఒప్పుకుంటే అది ‘రిలెంట్’. ఓటమిని అంగీకరించి వెనక్కి తగ్గితే ‘బ్యాక్ డౌన్’. ఒత్తిడికి లొంగితే ‘గివ్ ఇన్’. ఎడముఖం పెడముఖంగా ఉన్న ఇద్దరి మధ్య మంచు కరిగితే ‘థా’. యవ్వనంలో నిప్పులా మండిన మనిషి వయసు మీదపడ్డాక నెమ్మదిస్తే ‘మెలో’. ఈ చివరి మాట మొదట బాగా మాగిన పండుకు వాడినది, పుల్లదనం పోయి మెత్తగా, తియ్యగా తయారవడం అందులో ఉంది. అలిగినవారి కోపాన్ని మాటలతో చల్లార్చితే ‘మాలిఫై’. అందులో లాటిన్‌లో మెత్తన అనే అర్థమున్న ‘మాలిస్’ అనే మాట దాగి ఉంది. అంటే వ్యుత్పత్తిని బట్టి చూస్తే మన ‘మెత్తబరచు’కు అచ్చంగా సరిపోయే ఇంగ్లిష్ మాట ‘సాఫెన్’ తర్వాత ఇదే. యాప్‌లో ‘రిలెంట్’ కింద ‘మెత్తబడు’ అని ఉంది, అంతవరకు బాగానే ఉంది. ఆ తర్వాత వచ్చే ప్రశ్నావళిలో ఖాళీలు పూరించమని ఇచ్చిన వాక్యంలో వెన్న బయట పెట్టగానే ఏమవుతుందని అడిగి, నాలుగు ఎంపికలలో ‘రిలెంట్’ కూడా ఇచ్చారు. మా మేనకోడలు అదే నొక్కి, ‘మావయ్యా, మీ యాప్ ఇచ్చిన అర్థమే పెట్టాను, మళ్లీ అదే తప్పంటోంది!’ అని ఫోన్ చేసింది. వెన్న ఎవరిమీదా పంతం పట్టదని చెప్పి సర్దుబాటు చేయాల్సి వచ్చింది.

యాప్ రూపకర్తలు అసలు పట్టించుకోనిదీ, తెలుగువాళ్లకు అన్నింటికంటే ఎక్కువగా కావలసినదీ మరొకటుంది. తెలుగులో తనంతట తాను జరిగేదానికీ, ఒకరు చేసేదానికీ క్రియ రూపమే మారుతుంది. బలహీనపడు, బలహీనపరచు. తగ్గు, తగ్గించు. సడలు, సడలించు. చల్లారు, చల్లార్చు. పిల్లలు కూడా ఇందులో తప్పు చేయరు. ఇంగ్లిష్‌లో ‘వీకెన్’, ‘సాఫెన్’, ‘ఈజ్’ లాంటివి రెండు పనులూ ఒకే రూపంలో చేస్తాయి కనుక, మిగిలినవి కూడా అలాగే చేస్తాయని మనం అనుకుంటాం. అక్కడే చిక్కుకుంటాం. ‘సబ్‌సైడ్’, ‘వేన్’, ‘డ్విండిల్’ తమంతట తాము జరిగేవి మాత్రమే. డాక్టరు నొప్పిని ‘సబ్‌సైడ్’ చేయలేడు, నొప్పే ‘సబ్‌సైడ్’ కావాలి. ‘మిటిగేట్’, ‘అలీవియేట్’, ‘అస్వేజ్’ ఇందుకు సరిగ్గా వ్యతిరేకం, ఎవరో ఒకరు, లేదా ఏదో ఒకటి, మరొకదాన్ని తగ్గించాలి. నొప్పి దానంతట అది ‘అలీవియేట్’ కాదు. మన ఆఫీసు ఉత్తరాలలో ఈ రెండు తప్పులూ కుప్పలుతెప్పలుగా కనిపిస్తాయి. ప్రతి పదం పక్కనా ‘-పడు’, ‘-పరచు’ అనే రెండు చిన్న గుర్తులు పెట్టినా ఈ యాప్ తెలుగు పాఠకుడికి చందా విలువకు రెట్టింపు మేలు చేసేది. వాళ్లు పదాల మీద పెట్టినవి మాత్రం నక్షత్రాలు, పరీక్షలో ఆ పదం ఎంత తరచుగా వస్తుందో చెప్పడానికట.

అలీవియేట్, మిటిగేట్, అస్వేజ్ మూడింటినీ యాప్ ఒకే గూట్లో పెట్టింది. మూలాలు చూస్తే తేడా దానంతట అదే తెలుస్తుంది. మొదటిది తేలిక చేయడం, అది బాధకు, పేదరికానికి, రద్దీకి నప్పుతుంది. రెండోది సౌమ్యం చేయడం, అది జరగబోయే నష్టానికి, ప్రమాదానికి, శిక్షకు నప్పుతుంది. శిక్ష ఖరారు చేసేటప్పుడు న్యాయమూర్తి పరిశీలించే ‘మిటిగేటింగ్’ పరిస్థితులు ఇవే. మూడోది తియ్యబరచడం, అది ఆకలికి, దుఃఖానికి, అపరాధభావానికి నప్పుతుంది. ఈ ‘మిటిగేట్’ను, అడ్డుపడడం అనే అర్థమున్న ‘మిలిటేట్’తో కలిపేసి దాని వెనక ‘అగైన్‌స్ట్’ తగిలించడం ఇంగ్లిష్ మాతృభాషగా ఉన్నవాళ్లూ చేసే పొరపాటు. యాప్‌లోని ఒక ఉదాహరణ వాక్యంలోనూ అదే దొర్లింది.

ఆసుపత్రి మాటల దగ్గర పొరపాటు నవ్వులాటగా మిగలదు. మత్తుమందు ప్రభావం మెల్లగా పోవడాన్ని ‘వేర్ ఆఫ్’ అంటారు, మనం మత్తు దిగిందంటాం. స్టెరాయిడ్ మాత్రలు చాలా రోజులు వాడినవారికి డాక్టరు చీటీ మీద ‘టేపర్’ అని రాస్తారు. సన్నని కొవ్వొత్తికి ఉన్న పేరు అది. మోతాదు కొంచెం కొంచెంగా సన్నబడుతూ పోవాలని దాని అర్థం. మందు తీసుకుంటున్నంతకాలం శరీరంలోని అడ్రినల్ గ్రంథులు తమ సొంత ఉత్పత్తిని తగ్గించుకుంటాయి, అందుకని ఒక్కసారిగా ఆపితే ప్రమాదం. ఈ మాటకు యాప్ ఇచ్చిన అర్థం ‘బలహీనపడు’. మందు చీటీ మీద ఆ అర్థం ఎవరికీ ఉపయోగపడదు. ‘అటెన్యుయేట్’ విషయంలో మాత్రం ‘పలుచన చేయు’ అని ఇచ్చిన అర్థం మూలానికి దగ్గరగానే ఉంది, కానీ వాడుకకు దూరం. బీసీజీ టీకా కోసం కాల్‌మెట్, గెరాన్ అనే ఇద్దరు ఫ్రెంచి శాస్త్రజ్ఞులు 1908 నుంచి 1921 వరకు 13 ఏళ్లపాటు పశువుల క్షయ క్రిమిని 230 సార్లు మార్చి మార్చి పెంచి దాని కోరలు పీకారు, దాన్నే ‘అటెన్యుయేట్’ చేయడం అంటారు. క్రిమి చావలేదు, పలుచనా కాలేదు, రోగం తెప్పించే శక్తి మాత్రం పోయింది. మన ఆరోగ్య శాఖ కరపత్రాలలో వాడే ‘బలహీనపరచిన’ అనే మాటే ఇక్కడ సరైనది. మిగతా పదాలన్నింటి కిందా అనవసరంగా పెట్టిన ఆ అర్థాన్ని, అవసరమైన ఈ ఒక్కచోట యాప్ పెట్టలేదు.

మార్కెట్ వార్తల మాటలు కొన్ని సరిగానే ఉన్నాయి. రూపాయి ‘వీకెన్’ అవుతుంది, ధరలు ‘సాఫెన్’ అవుతాయి, ద్రవ్యోల్బణం ‘ఈజ్’ అవుతుంది. 2020 లాక్‌డౌన్ నాటి సడలింపులకు కూడా ‘ఈజ్’నే ఉదాహరణగా ఇవ్వడం బాగుంది. ‘వాటర్ డౌన్’, ‘డైల్యూట్’ కింద ‘నీరుగార్చు’ అనే అర్థం చూసినప్పుడు మాత్రం ఆశ్చర్యపోయాను. చట్టాన్ని నీరుగార్చారని మనం అనేదానికీ ఇంగ్లిష్ వాడు నీళ్లు కలిపారని అనేదానికీ ఊహ ఒకటే. ఇది రాసినవాళ్లెవరో తెలుగు పత్రికలు చదివేవాళ్లే. మిగతా పనీ వాళ్లకే అప్పగించి ఉండాల్సింది.

పరీక్ష కోసం కొనేవాళ్లకు ఒక మాట చెప్పాలి. 2011 ఆగస్టులో జీఆర్ఈని మార్చినప్పుడు వ్యతిరేక పదాల ప్రశ్నలు తీసేశారు, పదాల జంటల మధ్య సంబంధం చూసి పోలిక చెప్పే ప్రశ్నలూ తీసేశారు. వాటి బదులు వాక్యాన్ని పూరించడానికి ఆరు పదాలలో రెండు ఎంచుకునే ప్రశ్న వచ్చింది. రెండూ సరైనవైతేనే మార్కు. ఇందులో కిటుకు ఏమిటంటే, ఆరింటిలో అర్థం కలిసినా ఆ వాక్యానికి నప్పని పదాల జంట కూడా ఉండవచ్చు. పర్యాయపదాలను జంటలుగా బట్టీపట్టినవాళ్లు సరిగ్గా ఆ ఉచ్చులోనే పడతారు. ఈ యాప్ బట్టీపట్టించేది జంటలనే. అమీర్‌పేట కోచింగ్ గదుల్లో చేతులు మారే జిరాక్సు పదాల పట్టికలలో ఉండే లోపమే ఇక్కడ రంగులు పూసుకుని కనిపిస్తుంది. మా మేనకోడలు మొదటి నెల నమూనా పరీక్షలో ‘ఫ్లాగ్’ను జెండాగానే చదివి, అలసటతో నీరసించే ఉత్సాహానికి వాడే క్రియ అని గుర్తించలేకపోయింది. యాప్‌లో చూస్తే అర్థం ఉంది, కానీ నీరసించేది ఏమిటో చెప్పే వాక్యం లేదు. ఉత్సాహం, ఓపిక, సంభాషణ, ఇలాంటివే ‘ఫ్లాగ్’ అవుతాయని చెప్పాక మళ్లీ తప్పు చేయలేదు. అలాగే వెన్నెలకు సంబంధించిన ‘వేన్’ను కృష్ణపక్షపు చంద్రుడిగా, ‘ఎబ్’ను సముద్రపు ఆటుగా చెబితే గుర్తుండిపోయాయి. పలుకుబడి, ఆసక్తి ‘వేన్’ అవుతాయి, బలం, ప్రాణం ‘ఎబ్’ అవుతాయి.

రోజువారీ మాటలకు ఉపయోగపడుతుందా అని అడిగితే, చాలా తక్కువ. ఇంగ్లిష్‌లో మాట్లాడేవాళ్లు ‘అబేట్’ అనరు, ‘డై డౌన్’ అంటారు. ‘అటెన్యుయేట్’ అనరు, ‘టోన్ డౌన్’ అంటారు. ‘డిమినిష్’ అనరు, ‘పీటర్ అవుట్’ అంటారు. ఇలా రెండేసి చిన్న మాటలు కలిసిన క్రియలే సంభాషణకు ప్రాణం. ముప్ఫై ఎనిమిదిలో అలాంటివి నాలుగే ఉన్నాయి. విదేశాలకు వెళ్లే మన పిల్లలు పరీక్షలో గెలిచి, తీరా ఇల్లు అద్దెకిచ్చినావిడ వాన ‘లెట్ అప్’ అయ్యాక బయల్దేరమంటే తెల్లబోయేది ఇందుకే.

పోల్చడానికి నా అలమరలోని పాత రోజే థెసారస్‌ను, అంటే పర్యాయపదాల కోశాన్ని, కిందికి దించాను. పీటర్ మార్క్ రోజే అనే ఇంగ్లిష్ వైద్యుడు 73 ఏళ్ల వయసులో, 1852లో దాన్ని అచ్చువేశాడు. బ్రౌన్ దొర తెలుగు–ఇంగ్లిష్ నిఘంటువు మద్రాసులో వెలువడిన సంవత్సరం కూడా అదే. రోజే పదాలను అక్షరక్రమంలో కాక భావాల వారీగా వెయ్యి శీర్షికల కింద సర్దాడు. మన అమరకోశం సర్దినది కూడా అక్షరక్రమంలో కాదు, వర్గాలుగానే. రోజే తన ముందుమాటలో దాన్ని ప్రస్తావించాడు, అయితే ఆ అమరిక ఆయనకు నచ్చలేదు. పాత ప్రతుల్లో ‘తగ్గుదల’ 36వ శీర్షిక, ‘బలహీనత’ 160వది, ‘తీవ్రత తగ్గించడం’ 174వది, ‘మెత్తదనం’ 324వది, ‘ఉపశమనం’ 834వది. ‘బలహీనత’ పక్కనే ‘బలం’ ఉంటుంది, ‘మెత్తదనం’ పక్కనే ‘కాఠిన్యం’ ఉంటుంది. యాప్ ఒకే తెరమీద కుప్ప పోసిన భావాన్ని ఆయన ఐదు గదుల్లో పెట్టాడు. అర్థాలు ఇవ్వలేదు, ఉదాహరణలు ఇవ్వలేదు, అయినా ఏ గదిలో వెతకాలో తెలిస్తేనే సగం పని అయిపోతుంది. నూట డెబ్బై ఏళ్ల కిందటి కాగితం ఈ విషయంలో ఫోన్‌కంటే ముందుంది. అయితే దాని అచ్చు నా కళ్లకు చాలా చిన్నది, దాన్ని ఎత్తి దించడం మోచేతికి మంచిది కాదు, ఉచ్చారణ చెప్పదు. ఈ మూడింటిలో యాప్‌దే పైచేయి.

చందా ఏడాదికి 799 రూపాయలు. ఉచితంగా ఇచ్చే భాగంలోనే ఉచ్చారణ, పదాల పట్టిక ఉన్నాయి. డబ్బు కట్టినవారికి అదనంగా దొరికేవి తెలుగు అర్థాలు, ప్రశ్నావళి. అంటే లోపాలున్న భాగానికే వెల కట్టారు. నెట్ లేకున్నా పనిచేస్తుంది, ప్రకటనలు లేవు, పొద్దున్నే ఒక పదం పంపిస్తుంది. రద్దు చేసే బటన్ మాత్రం మూడు తెరల లోపల ఉంది. పొరపాట్లు తెలియజేయడానికి ఇచ్చిన పెట్టెలో ‘విల్ట్’ గురించి, ‘లెట్ అప్’ గురించి, ‘టేపర్’ గురించి మూడుసార్లు రాశాను. ‘టేపర్’ అర్థాన్ని పదిహేను రోజుల్లో సరిదిద్దారు, మిగతా రెండూ అలాగే ఉన్నాయి. ఐదింటికి రెండున్నర నక్షత్రాలు ఇస్తాను, అందులో రెండు ఉచ్చారణకే. ఉచిత భాగం పెట్టుకుని, పక్కన ఒక నోటుపుస్తకం ఉంచుకుని, ప్రతి క్రియకూ ముందు ‘ఏది?’ అనే గడి గీసుకుంటే చాలు. మేనకోడలు ఇప్పుడు అలాగే చేస్తోంది, ‘ఫ్లాగ్’ ముందు ‘ఓపిక’ అని, ‘విల్ట్’ ముందు ‘తోటకూర’ అని రాసుకుంది. పరీక్ష అయ్యేవరకు వినడానికి పనికొస్తుందని ఆ అమ్మాయి అంటోంది కనుక యాప్‌ను ఫోన్‌లోంచి తీసేయలేదు, వచ్చే ఏడాది చెల్లింపు మాత్రం ఆపించాను.